పాత పాప్-అప్ ట్రక్ క్యాంపర్ల పునరుద్ధరణ

పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో దించి బిగించుకునే చిన్న గదిని ట్రక్ క్యాంపర్ అంటారు. దీనికి సొంత చక్రాలుండవు, ఇంజనుండదు. ప్రయాణానికి ట్రక్కు మోసుకెళ్తుంది. పని లేనప్పుడు నాలుగు మూలలా జాకీలు పెట్టి ఎత్తి, ట్రక్కును ముందుకు లాగేసి, పెరట్లో దించుకుంటారు. ఇందులో కప్పు పైకి లేచే రకం పాప్-అప్. దారిలో ఉన్నంతసేపూ కప్పు దిగి కేబిన్ కన్నా కొంచెమే ఎత్తుగా ఉంటుంది. బస చేసిన చోట దాన్ని పైకెత్తితే చుట్టూ రెక్సిన్ గుడ్డ గోడలు హార్మోనియం తిత్తిలా విప్పుకుంటాయి, మనిషి నిలబడి వంట చేసుకునేంత చోటు ఏర్పడుతుంది. సినిమా షూటింగుల దగ్గర కనిపించే కారవాన్లతో తెలుగు పాఠకులు దీన్ని పోల్చుకోవద్దు. ఇద్దరు పడుకునే మంచం, రెండు బర్నర్ల పొయ్యి, చిన్న సింకు, చేతి పంపు, మంచు పెట్టె ఉంటే పాత క్యాంపర్‌లో సౌకర్యాలన్నీ ఉన్నట్టే.

ఇది ప్రధానంగా ఉత్తర అమెరికా వస్తువు. అక్కడ కొత్త పాప్-అప్ ధర 20 వేల డాలర్లు దాటడం మామూలు. ముప్ఫై, నలభై ఏళ్ల నాటివి కొన్ని వందల నుంచి కొన్ని వేల డాలర్లకు దొరుకుతాయి. ఆ తేడానే సామాన్య కుటుంబాలను పునరుద్ధరణ వైపు నడిపిస్తుంది. తక్కువ డబ్బుతో చేసే ఈ పనిలో ఎంత ఖర్చు పెట్టామన్న దానికన్నా ఏ వరుసలో పెట్టామన్నదే ముఖ్యం. ముందు నీటిని ఆపాలి, తర్వాత చెక్కను కాపాడాలి, ఆ పైన గ్యాసు, కరెంటు సరిచేయాలి. రంగులూ పరుపులూ చివరికి. ఈ వరుస తప్పితే పెట్టిన ప్రతి డాలరూ రెండోసారి పెట్టాల్సి వస్తుంది.

నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో పికప్ ట్రక్కులు పెరిగాయి, వేటకూ చేపలు పట్టడానికీ దూరాలు వెళ్లే అలవాటూ పెరిగింది. 1942లో సైన్యం కోసం వేసిన అలాస్కా హైవే 1948లో సామాన్య ప్రయాణికులకు తెరుచుకుంది. అలాంటి దారులకు ట్రైలర్ లాక్కెళ్లడం కష్టం, తొట్టిలోనే గది ఉంటే సులువు. 1950లలో వచ్చిన అలాస్కన్ క్యాంపర్ గట్టి గోడలతోనే, హైడ్రాలిక్ పంపుతో కప్పు లేచేలా తయారైంది. 1960లో రచయిత జాన్ స్టైన్‌బెక్ జీఎంసీ ట్రక్కు మీద కట్టిన క్యాంపర్‌లో తన కుక్క చార్లీతో దేశం చుట్టి, 1962లో ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ ప్రచురించాడు. డాన్ కిహోటే గుర్రం పేరు మీద ఆయన రోసినాంటే అని పిలుచుకున్న ఆ బండి ఇప్పుడు కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో, జాతీయ స్టైన్‌బెక్ కేంద్రంలో ఉంది. అది పాప్-అప్ కాదు, గట్టి గోడల క్యాంపర్. అయినా ఈ తరహా ప్రయాణానికి పాఠకలోకంలో గౌరవం తెచ్చింది అదే.

1972లో మొదలైన ఫోర్ వీల్ క్యాంపర్స్ సంస్థ వెల్డింగ్ చేసిన అల్యూమినియం చట్రంతో తేలికపాటి పాప్-అప్‌లకు పేరు తెచ్చుకుంది. స్టార్‌క్రాఫ్ట్, జేకో, పాలొమినో, నార్త్‌స్టార్, హాల్‌మార్క్ వంటి పేర్లు కూడా పాత క్యాంపర్ల మీద కనిపిస్తాయి. 1973 చమురు సంక్షోభం ఈ పరిశ్రమను గట్టిగా దెబ్బతీసింది, 1979లో మరో దెబ్బ పడింది. చిన్న తయారీ సంస్థలు చాలా మూతబడ్డాయి. అందుకే నేడు పాత క్యాంపర్ కొన్నవారికి తరచూ నమూనా చిత్రాలుండవు, విడిభాగాలుండవు. విరిగిన దాన్ని కొలిచి, అలాంటిదే చేసుకోవాలి.

తయారీ సంస్థలు మూతబడినా ఈ క్యాంపర్లకు ఆదరణ తగ్గకపోవడానికి ఒక కారణం భూమి. పశ్చిమ రాష్ట్రాల్లో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసే ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల ఒకే చోట 14 రోజుల దాకా ఉచితంగా బస చేయవచ్చు. అక్కడికి పోయే మట్టి దారుల్లో, గాలి వీచే మైదానాల్లో ఎత్తు తక్కువగా, బరువు తక్కువగా ఉండే పాప్-అప్ బాగా పనికొస్తుంది.

కట్టుబడి

పాత క్యాంపర్లలో ఎక్కువ భాగం చెక్క చట్రానివే. అంగుళమో రెండంగుళాలో మందమున్న పైన్, ఫర్ కర్రలను స్టేపుల్ పిన్నులతో కలిపి, బయట పలుచని అల్యూమినియం రేకు, లోపల మూడు మిల్లీమీటర్ల లోపు ప్లైవుడ్, మధ్యలో గాజు ఉన్ని లేదా థర్మోకోల్ పెడతారు. నేల మందపు ప్లైవుడ్. కేబిన్ మీదికి చొచ్చుకువచ్చే ముందు భాగంలో మంచం. ఈ నిర్మాణం తేలిక, చవక. తడి తగలనంత కాలం దశాబ్దాలు నిలుస్తుంది. అల్యూమినియం చట్రం ఉన్నవి కుళ్లవు గానీ, కంకర దారుల్లో ఏళ్ల తరబడి ఊగితే వెల్డింగులు పగులుతాయి. వాటిలోనూ నేల చెక్కదే.

కొనే ముందు

అమ్మేవారు కప్పు దించి చూపిస్తే కొనకూడదు. ఎత్తమని అడగాలి. ఎత్తేటప్పుడు కప్పు నాలుగు వైపులా సమంగా లేస్తోందా, మధ్యలో కుంగిందా చూడాలి. తర్వాత టార్చిలైటు, దబ్బనం పట్టుకుని లోపలికి వెళ్లి మంచం ముందు మూలలను, కిటికీల కింది అంచులను, తలుపు గడప పక్కలను, జాకీలు బిగించిన మూలలను వేలితో నొక్కి, దబ్బనంతో పొడిచి చూడాలి. మంచి చెక్క మీద దబ్బనం గుచ్చుకోదు. కుళ్లిన చోట మెత్తగా దిగిపోతుంది. లోపలి ప్లైవుడ్ మీద టీ రంగు మరకలు, అలలు తేలిన గోడకాగితం, బూజు వాసన అన్నీ నీటి జాడలే. కొత్తగా రంగు వేసిన పాత క్యాంపర్‌ను మరింత అనుమానంగా చూడాలి. ఇరవై, ముప్ఫై డాలర్లకు దొరికే తేమ మీటరు ఈ పనిలో పెట్టే మొదటి ఖర్చుల్లో ఒకటి కావాలి.

ఒక మూల కుళ్లితే బాగుచేయవచ్చు. గుడ్డ గోడలు చిరిగితే మార్చుకోవచ్చు. నేల, కప్పు చట్రం, మంచం భాగం మూడూ పోతే అది పునరుద్ధరణ కాదు, కొత్త నిర్మాణం. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తక్కువ బడ్జెట్ వారికి తగదు.

పశ్చిమ రాష్ట్రాల్లో మరో ప్రమాదం ఎలుకలు. డీర్ మౌస్ అనే అడవి ఎలుక పెంటికలు, మూత్రం ద్వారా హాంటా వైరస్ వ్యాపిస్తుంది. 1993లో ఆరిజోనా, న్యూ మెక్సికో, కొలరాడో, యూటా కలిసే ప్రాంతంలో ఈ ఊపిరితిత్తుల జబ్బును మొదటిసారి గుర్తించారు. 2012లో యోసెమిటీ జాతీయ ఉద్యానంలోని గుడారపు గదుల్లో బస చేసినవారికి ఇది సోకి ముగ్గురు చనిపోయారు. అక్కడ ఎలుకలు గూడు కట్టింది రెండు పొరల గోడల మధ్య. పాత క్యాంపర్ గోడల నిర్మాణమూ అలాంటిదే. కాబట్టి పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడ్వకూడదు, వాక్యూమ్ పెట్టకూడదు. తలుపులు తెరిచి కనీసం అరగంట గాలి ఆడనిచ్చి, చేతి తొడుగులు వేసుకుని, పది వంతుల్లో ఒక వంతు బ్లీచ్ కలిపిన నీళ్లతో తడిపి, కొన్ని నిమిషాలు నాననిచ్చి, తుడిచి తీయాలి. 1980కి ముందు నాటి వినైల్ నేల పలకల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది. అవి చెక్కుచెదరకుండా ఉంటే పీకకుండా వాటి మీదే కొత్త నేల పరవడం మేలు.

నీరు, చెక్క

చెక్కను తినేది నీరు కాదు, నీరు పెంచే శిలీంధ్రం. చెక్కలో తేమ సుమారు 28–30 శాతం దాటితే అది పెరుగుతుంది, 20 శాతం లోపు ఉంటే ఆగిపోతుంది. కాబట్టి మొదట చేయాల్సింది విప్పడం కాదు, ఆరబెట్టడం. క్యాంపర్‌ను షెడ్డు కిందికి చేర్చి, తలుపులు తెరిచి, ఫ్యాన్లు పెట్టి కొన్ని వారాలు వదిలితే ఏది నిజంగా పోయిందో, ఏది తడిసిందో తేలిపోతుంది. షెడ్డు లేనివారు టార్పాలిన్ కప్పి, కింద గాలి ఆడే సందు వదలాలి. తడి మీద బిగుతుగా కప్పిన టార్పాలిన్ కుళ్లును ఇంకా పెంచుతుంది.

నీరు దాదాపు ఎప్పుడూ కీళ్ల దగ్గరే దిగుతుంది: మూలల్లో రేకు అంచులను కలిపే అల్యూమినియం పట్టీలు, కప్పు మీది గాలి కిటికీ చట్రం, కిటికీలు, దీపాల బిగింపులు. వీటి కింద తయారీలో పెట్టిన బంక ముప్ఫై ఏళ్లలో ఎండి పగిలిపోతుంది. పైన కొత్త సీలెంట్ పూయడం అందరూ చేసే పని, అన్నిటికన్నా తక్కువ కాలం నిలిచే పని కూడా. పట్టీని విప్పి, పాత బంకను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, జిగటగా ఉండే బ్యూటైల్ రబ్బరు టేపు పరిచి, స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించాలి. కొన్ని రోజులాగి మరోసారి బిగించి, బయటికి వచ్చిన బ్యూటైల్‌ను కోసేసి, అప్పుడు అంచు మీద సీలెంట్ వేయాలి. తుప్పు పట్టిన స్క్రూ రంధ్రం పెద్దదై పట్టు ఇవ్వకపోతే, బంక పూసిన కర్రముక్క అందులో దిగగొట్టి కొత్తగా తూటు పెట్టుకోవాలి.

సిలికాన్ గురించి గట్టిగా చెప్పాలి. హార్డ్‌వేర్ షాపులో అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది అదే. కానీ ఆరిన సిలికాన్ మీద మరే సీలెంటూ, రంగూ సరిగా అంటుకోదు. ముందు యజమాని పూసిన సిలికాన్‌ను గీకి తీయడానికే ఒక్కోసారి రోజులు పడతాయి. చదునైన కప్పు మీద తనంతట తాను సర్దుకునే ల్యాప్ సీలెంట్, నిలువు గోడల మీద జారని రకం వాడాలి. కప్పు రబ్బరుదైతే పెట్రోలు జాతి ద్రావకాలు తగలనివ్వకూడదు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

కుళ్లిన కర్రను గట్టిపరిచే ఎపాక్సీ ద్రవాలు అమ్ముతారు. కిటికీ కింది చిన్న మచ్చకు అవి చాలు. బరువు మోసే కర్రకు చాలవు. మెత్తబడిన భాగాన్ని దాటి మంచి చెక్క మరికొంత పొడవు తగిలేదాకా కోసి, అదే కొలత కర్రను జాయింటు వేసి, బంకతోనూ స్క్రూలతోనూ కలపాలి. పక్కనున్న కర్రలకు బోరేట్ ద్రావణం పూస్తే శిలీంధ్రం మళ్లీ తలెత్తదు. ఖరీదైన మెరైన్ ప్లైవుడ్ అక్కర్లేదు. బయటి పనులకు అమ్మే ప్లైవుడ్‌కు అంచులన్నీ, ముఖ్యంగా కోసిన అంచులు, రంగుతోనో ఎపాక్సీతోనో మూసేస్తే సరిపోతుంది. తడిసి ముద్దయిన గాజు ఉన్నిని పారేసి, తేమ పీల్చని గట్టి ఫోమ్ పలకలు పెట్టాలి.

ఈ పని జరుగుతున్నంతకాలం క్యాంపర్‌ను జాకీల మీద వదలకూడదు. జాకీలు బిగించిన మూలలే తరచూ మొదట కుళ్లేవి. తక్కువ ఎత్తులో బలమైన దిమ్మెల మీద దించి, అప్పుడే లోపలికి అడుగుపెట్టాలి.

కప్పు, గుడ్డ గోడలు

కప్పు లేపే పద్ధతులు తయారీదారును బట్టి మారతాయి. కొన్నింటిలో ముందూ వెనుకా మడతపడే ప్లైవుడ్ పలకలుంటాయి. మనిషి లోపల నిలబడి చేత్తో తోస్తే పలకలు నిలువుగా నిలిచి కప్పును మోస్తాయి. ఇందులో చెడేది కీళ్లే, మామూలు పియానో కీలుతో మార్చుకోవచ్చు. మరికొన్నింటిలో హ్యాండిల్ తిప్పితే ఉక్కు తీగలు, కప్పీలు నాలుగు మూలలనూ లేపుతాయి. తీగలో ఒక్క పోగు తెగినా మొత్తం మార్చాలి. కప్పు కింద తల పెట్టే ప్రతిసారీ విడిగా కర్ర దన్ను పెట్టుకోవాలి.

కప్పు మీద పెట్టే ప్రతి వస్తువునూ చేతులు మోయాలన్నది మరవకూడదు. సౌర పలక, ఎయిర్ కండిషనర్, సామాను చట్రం ఒక్కొక్కటిగా చేరి, ఒక మనిషి లేపలేని కప్పు తయారవుతుంది.

గుడ్డ గోడలు పాలిస్టర్ నేత మీద వినైల్ పూసినవి. ఎండకు కుట్లు ముందు పోతాయి, జిప్పులు తర్వాత, మడత గీతల మీద గుడ్డ చివరికి. కుట్లు మాత్రమే పోతే ఎండకు తట్టుకునే పాలిస్టర్ దారంతో పాత రంధ్రాల్లోంచే చేత్తో కుట్టవచ్చు. చిన్న చిరుగులకు వినైల్ జిగురుతో లోపలా బయటా అతుకు వేస్తే ఏళ్లు నిలుస్తుంది. మొత్తం మార్చాల్సి వస్తే అదే ఈ పనిలో పెద్ద ఖర్చు. కుట్టించే కూలి భరించలేనివారు పాత గుడ్డను జాగ్రత్తగా విప్పి, దాన్నే నమూనాగా పరిచి, పడవల గుడ్డ అమ్మే దుకాణాల్లో వినైల్ కొని సొంతంగా కుడతారు. ఇంటి కుట్టు మిషను రెండు పొరల దాకా లాగుతుంది, మూలల్లో నాలుగు పొరలు చేరిన చోట మొరాయిస్తుంది. పరిశ్రమల్లో వాడే మిషను అద్దెకు తెచ్చుకోవడం తెలివైన పని. బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టేపుల్స్ వాడాలి. మామూలువి తుప్పు పట్టి గుడ్డను కోస్తాయి.

తడి గుడ్డను మడిచి దించితే బూజు ఖాయం. వానలో బయలుదేరక తప్పకపోతే, ఇంటికి చేరగానే కప్పు లేపి ఆరబెట్టాలి. చలికాలపు ప్రయాణాలకు రేకు పూత ఉన్న బుడగల పలకను గుడ్డకు లోపలి వైపు తగిలిస్తే వెచ్చదనం నిలుస్తుంది, ఊపిరి తేమ గోడల మీద నీరై కారడం తగ్గుతుంది.

గ్యాసు

డబ్బు ఆదా చేయకూడని విభాగం ఇది. భారతీయ వంటగదుల్లోని ఎల్‌పీజీలో బ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి. అమెరికా క్యాంపర్లలో వాడేది దాదాపు పూర్తిగా ప్రొపేన్. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది కాబట్టి మంచులోనూ పొయ్యి వెలుగుతుంది. గాలి కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువైన ఈ వాయువు కారితే నేల మీద పేరుకుంటుంది. అందుకే దాన్ని పసిగట్టే డిటెక్టర్ కింద, మోకాలి ఎత్తు లోపే ఉండాలి.

ఎంత బాగా కనిపించినా పాత రెగ్యులేటర్, రబ్బరు గొట్టం మార్చేయాలి. కొత్తవాటికి అయ్యేది కొన్ని పదుల డాలర్లే. నింపేటప్పుడు పరిమితి దాటకుండా ఆపే వాల్వు లేని పాత నిలువు సిలిండర్లను అమెరికాలో 2002 ఏప్రిల్ నుంచి నింపరు. ఆ వాల్వు ఉన్నవాటికి పిడి మూడు మూలలతో ఉంటుంది. రాగి గొట్టాల కీళ్లకు సబ్బు నురగ పూసి బుడగలు చూడవచ్చు. అది సరిపోదు, లైనులో ఒత్తిడి నింపి, అది పడిపోతోందేమో మీటరుతో చూసే డ్రాప్ టెస్టు అర్హత ఉన్న మెకానిక్ చేత చేయించాలి.

పాత హీటర్లలో మంట గదికీ గాలికీ మధ్యనున్న లోహపు పెట్టె పగిలితే కార్బన్ మోనాక్సైడ్ పడకలోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అనుమానముంటే హీటర్‌ను తీసేసి లైనుకు మూత బిగించడమే మంచిది. తయారీ తేదీ చూసి కొన్న కొత్త కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ లేకుండా ఆ గదిలో ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు.

గ్యాసుతో చల్లబడే ఫ్రిజ్ 1922లో స్వీడన్ విద్యార్థులు ఫోన్ ప్లాటెన్, మున్‌టర్స్ కనిపెట్టిన అమ్మోనియా పద్ధతి మీద నడుస్తుంది. కదిలే భాగాల్లేవు, చప్పుడు లేదు, కానీ బండి సమతలంగా నిలవాలి. వెనుక పసుపు పొడి కనిపించినా, అమ్మోనియా వాసన వచ్చినా అది పోయినట్టే. బాగుచేయించే ఖర్చుతో మంచి ఐస్ పెట్టె కొనుక్కోవచ్చు; తక్కువ బడ్జెట్‌కు అదే సరైన నిర్ణయం.

కరెంటు

పాత బల్బు ఒక్కోటి 12 వోల్టుల దగ్గర సుమారు రెండు ఆంపియర్లు లాగుతుంది, ఎల్‌ఈడీ అందులో పదోవంతుకు అటూ ఇటూ. బల్బులు మార్చడమే బ్యాటరీని పెద్దది చేయడం కన్నా చవక. ముందు యజమానులు అతికించిన వైర్లన్నిటినీ తీసేసి, బ్యాటరీకి దగ్గర్లోనే ఒక ఫ్యూజు, ఒక్కో లైనుకు ఒక్కో ఫ్యూజు పెట్టి కొత్తగా వైరింగ్ చేసుకోవాలి. లిథియం బ్యాటరీ వేస్తే గడ్డకట్టే చలిలో ఛార్జి చేయకూడదని గుర్తుంచుకోవాలి.

బరువు, బిగింపు

ట్రక్కు డ్రైవరు తలుపు పక్కన అతికించిన పట్టీ మీద మోయగల బరువు రాసి ఉంటుంది. అందులో మనుషుల బరువు కూడా కలిసే ఉంటుంది. ఆ అంకె 1,500 పౌండ్లు అనుకుందాం. ఖాళీ క్యాంపర్ 1,000, ఇరవై గ్యాలన్ల నీళ్లు 167, నిండు సిలిండర్ 37, బ్యాటరీ 60, ఇద్దరు మనుషులు 300. మొత్తం 1,564. పరుపు, గిన్నెలు, తిండి ఎక్కకముందే పరిమితి దాటింది. ట్రక్కుల కాటా మీద తూచి చూసుకోవడానికి పెద్దగా ఖర్చు కాదు. లోపలి అలంకరణలో పింగాణీ పలకలు, మందపు చెక్క బల్లలు మానేయాల్సింది ఇందుకే.

క్యాంపర్ గరిమనాభి వెనుక ఇరుసుకు ముందే పడాలి. పాతవి ఎక్కువగా ఎనిమిది అడుగుల తొట్టి కోసం చేసినవి. పొట్టి తొట్టిలో పెడితే బరువు వెనక్కి జారుతుంది. నేటి ట్రక్కుల పక్క గోడలూ, కేబినూ ఎత్తు పెరిగాయి కాబట్టి, మంచం భాగం కేబిన్‌కు తగలకుండా కింద గట్టి ఫోమ్, ప్లైవుడ్ పొరలు వేసి లేపాలి. ఆపైన జారకుండా రబ్బరు చాప పరచాలి. క్యాంపర్‌ను ట్రక్కుకు బిగించే టర్న్‌బకిళ్ల కొక్కేలు తగిలించే కళ్లు కుళ్లిన కర్రలో ఉంటే హైవే మీద ఊడిపోతాయి. వాటి వెనుక కొత్త కర్ర, లోహపు పలక పెట్టి బోల్టు చేయడం మొదటి ప్రయాణానికి ముందే పూర్తికావాలి.

ఖర్చు

వస్తువులను చౌకగా సమకూర్చుకోవడానికి దారులున్నాయి. విహార వాహనాల (ఆర్‌వీ) పరిశ్రమకు కేంద్రమైన ఇండియానాలోని ఎల్కార్ట్ చుట్టుపక్కల కర్మాగారాల మిగులు సామాను అమ్మే దుకాణాలున్నాయి. హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ నడిపే రీస్టోర్‌లలో దానంగా వచ్చిన ప్లైవుడ్, సింకులు, కుళాయిలు తక్కువ ధరకు దొరుకుతాయి. పాత పరుపును కోసి మంచానికి సరిపెట్టుకోవచ్చు. బ్యూటైల్, సీలెంట్, గ్యాసు రెగ్యులేటర్, డిటెక్టర్లు, ఫ్యూజులు మాత్రం కొత్తవే కొనాలి.

పాత అల్యూమినియం ట్రైలర్లకున్న సంపన్న మార్కెట్టు ట్రక్ క్యాంపర్లకు లేదు. కూలి లెక్క వేసుకుంటే పునరుద్ధరించిన క్యాంపర్ అమ్మకంలో పెట్టిన డబ్బు తిరిగి రావడం అరుదు. లాభానికి అమ్మాలనుకునేవారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. తామే వాడుకోవాలనుకునేవారు ఈ ఏడాది రంగుల డబ్బును కప్పు సీలింగుకు మళ్లించి, అరిగిన పరుపు మీదే ఒక సీజను తిరిగి రండి. ఆ సీజనులో ఒక పెద్ద వాన పడిన తర్వాత మంచం మూలలను మళ్లీ తేమ మీటరుతో చూడండి. పొడిగా ఉంటే అప్పుడు రంగు కొనండి.